బూరుగు దూది నడుమ సోదా

ఆ పగలు యాదికొస్తే నాకు చప్పుడేం వినబడదు. తెల్లగ దూది ఎగురుడే కండ్లల్ల మెదుల్తది.

ఎనభైల మొదట్ల, ఎండకాలం. ఘనపూర్ దగ్గరి మా ఊర్ల మా అమ్మ, అదే మా అవ్వ, నేను నడింట్ల కూసోని తలకింది మెత్తలల్ల బూరుగు దూది నింపుతున్నం. గింజలు ఏరుతుంటే సన్న పోగులు లేసి, పెంకుల సందుల నుంచి దిగిన ఎండల్ల నిమ్మళంగ తిరుగుతున్నయి. బాపు మంచం మీద ఒరిగి కండ్లు మూసుకున్నడు. మానుకోట కోర్టుల ముప్పై ఏండ్లు గుమాస్తా పని చేసి, ఆ ఏడే రిటైరై ఇంటికొచ్చిండు. అన్న జనగామల డిగ్రీ చదువుతుండె. నెల దాటినా ఆయన నుంచి ఉత్తరం లేదు.

వాకిట్ల జీపు ఆగింది. ఎస్సై, నలుగురు జవాన్లు దిగిండ్రు.

"మీ అబ్బాయి కాలేజీకి రావట్లేదట. అడవిలో దళంలో కలిశాడని అనుమానం. ఎక్కడున్నాడు? ఇల్లు వెతకాలి" అన్నడు ఎస్సై.

బాపు లేసి, తువ్వాల భుజం మీదేసుకొని గడపల నిలబడ్డడు.

"వారంటు ఉన్నదా సారూ?"

"అవసరం లేదు. అర్జెంటైతే వారంటు లేకుండానే వెతకొచ్చు."

"వెతకొచ్చు. కాని ఎందుకు వెతుకుతున్నరో ముందుగాల రాయాలె. ఊరోళ్లను ఇద్దరిని సాక్షులుగ పిలువాలె. ఏమన్న పట్కపోతే లిస్టు రాసి నాకో నకలు ఇయ్యాలె. గంతే. నేను అడ్డం రాను."

ఎస్సై ఒక జవానును ఊర్లకు తోలిండు. బడి పంతులు, కుమ్మరి తాత వచ్చేదాక అందరం ఊకెనే నిలబడ్డం. గాలికి లేసిన దూది పోయి పోయి ఖాకీ భుజాల మీద వాలింది. ఒకాయన దులుపుకోను చెయ్యి ఎత్తి, ఎందుకో మళ్ల దించుకున్నడు.

సాక్షులు వచ్చినంక పెట్టెలు తీసిండ్రు, వడ్ల గుమ్మిల చేతులు పెట్టిండ్రు. నింపిన మెత్తలను ఒక్కొక్కటే కత్తితోని చీరిండ్రు. ఇల్లంత తెల్లగైంది. మహదేవపూర్‌ల మా మేనత్తోళ్ల ఊరి కాడ చలికాలం పొద్దున గోదారి మీద మంచు గట్లనే కనబడేది. ఆ మంచుల మనుషులు నడుస్తున్నట్టే అనిపించింది నాకు. భయం కూడ దూరంగ, ఇంకెవరిదో అయినట్టు ఉండె.

నా పెట్టె అడుగున ఎర్ర అట్ట నోటుబుక్కు దొరికింది.

"ఇదేంటి?"

"బతుకమ్మ పాటలు సార్. నేను రాసుకున్నయి."

అయినా పట్కపోయిండ్రు. బాపు దగ్గరుండి లిస్టు రాయించిండు: ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి, పాటలది. సాక్షులు సంతకాలు పెట్టిండ్రు.

జీపు పోయినంక అవ్వ గోడకు ఒరిగి ఏడ్చింది. నేను బాపుకు నీళ్ల చెంబు ఇస్తే ఆయన సగం తాగి, సగం మొకం మీద గుమ్మరించుకున్నడు.

"భయమైందా బాపూ?"

"అయింది బిడ్డా. ముప్పై ఏండ్లు ఆ మాటలే నకలు రాసిన. మన గడపల నిలబడి ఒక్కసారన్న అనకపోతే ఎట్ల?"

వారానికి అన్న దోస్తు ఉత్తరం రాసిండు. అన్నకు కామెర్లట. మేం పరేషాన్ అయితమని చెప్పకుండ ఆ దోస్తు ఇంట్లనే పడున్నడు. బాపు పోయి తోల్కొచ్చిండు. నోటుబుక్కు కోసం ఆ లిస్టు పట్టుకొని మూడు నెలలు కోర్టు చుట్టు తిరిగి తెచ్చిండు.

ఆ ఏడు వానలు పడ్డంక ఈ సంగతి విని మా అరుగు మీదికి మంది వచ్చుడు మొదలైంది. నాట్లేసే ఒక అక్క, బురద కాళ్లతోనే కూసోని, "మా ఇండ్లకు కూడ పోలీసులొస్తున్నరు, ఆ మాట జర మాకు కూడ నేర్పు నాయినా" అన్నది.

బాపు చెప్పిండు. ఆమె గట్టిగ అన్నది. "గొంతు లేపకు. ఊరికెనే అడిగినట్టు అడుగు" అన్నడు బాపు.

ఆమె కొంగు సదురుకొని, ఎదురుంగ ఎవరో నిలబడ్డట్టే సూసుకుంట, మెల్లగ అడిగింది.

"వారంటు ఉన్నదా సారూ?"