సున్నం మేస్త్రీకి శాలువా

గోపయ్యకు అరవై నాలుగేళ్లు. ఉండేది కర్మన్‌ఘాట్‌లో, కిరాయి ఇంట్లో. తండ్రి దగ్గర నేర్చుకున్నది సున్నం పని. అది అడిగే నాథుడు లేక ముప్పై ఏళ్లుగా ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్ల బాత్రూములకు టైల్స్ అంటిస్తున్నాడు.

ఆ టైల్స్ పనులిచ్చే కాంట్రాక్టరు మురళీకృష్ణది గుంటూరు, స్థిరపడింది దిల్‌సుఖ్‌నగర్‌లో. నగరంలో ఒక పార్కు మీదుగా పోయే నిజాం కాలపు ఇటుకల రైలు వంతెనకు మరమ్మతు పని అతనికి దొరికింది. ఇటుకల సందులు సున్నంతోనే నింపాలని కాగితాల్లో రాశారట. గోపయ్య సంతోషం అంతా ఇంతా కాదు. గుంత తవ్వించి సున్నం నానబెట్టాడు. అందులో కలపడానికి కరక్కాయలు, బెల్లం సిద్ధం చేసుకున్నాడు.

“నేను పోయినంక గూడ గీ పని నిలబడాలె” అని భార్య కిష్టమ్మతో రోజూ అనేవాడు.

సున్నం ఇంకా నెల నానాలి. ఈలోగా పెద్దలు ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశారు.

“సిమెంటు కొట్టేసెయ్ గోపయ్యా. పైన ఎర్ర రంగేసి తెల్లగీతలు గీస్తే ఎవరు చూడొచ్చారు?” అన్నాడు మురళీకృష్ణ.

“వద్దు సార్. సిమెంటు లోపలి తడిని బయటికి పోనియ్యది. ఇటుకలు పెచ్చులు పెచ్చులు రాలుతయి.”

“అయితే వేరేవాణ్ణి పిలుస్తాను. నీ టైల్స్ పనులూ వాడికే ఇస్తాను.”

నిజమైన ఇటుకల మీద రంగు పూసి ఇటుకల బొమ్మ గీయడం! ఇంత తెలివి మనకు తప్ప ఇంకెవరికుంటుంది? సందుల్లో సిమెంటు కొట్టి, ఆ గీతలు గీసింది గోపయ్యే. వేరేవాడైతే ఇటుకలే పగలగొడతాడని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. నానుతున్న సున్నం గుంతను మట్టితో పూడ్చేశారు.

సభలో అతనికి శాలువా కప్పి, సున్నం కళను కాపాడిన మేస్త్రీ అన్నారు. వంతెన పక్కన రాతి పలక మీద పేరు కూడా చెక్కించారు. కిష్టమ్మ ఆనందంతో కళ్లు తుడుచుకుంది. అతను ఆమె వైపు చూడలేకపోయాడు.

రెండో వానాకాలానికి ఇటుకలు పెచ్చులూడాయి. పాత కట్టడాల ఫైళ్లు చూసే పద్మలత అనే అధికారిణి వచ్చి గోపయ్యను పిలిపించింది. పక్కనే మురళీకృష్ణ నిలబడ్డాడు.

“పెద్దాయనా, ఇంకో రెండు పాత వంతెనలున్నయ్. మీతోనే సున్నం పని చేయిద్దామనుకున్న. గిట్లెందుకైంది?”

సిమెంటు అనే మాట గోపయ్య నోటిదాకా వచ్చింది. చెబితే శాలువా కప్పించుకున్న దొంగ అవుతాడు. అందరికన్నా ముందు కిష్టమ్మ దృష్టిలో.

“గీ వానలకు సున్నం ఆగది మేడం” అన్నాడు.

“అయితే వాటికి సిమెంటే రాస్త” అని ఆమె ఫైలు మూసింది.