ఛాయాదేవి గారి శ్రుతి

పగలంతా ఆటోనగర్‌లో రేడియేటర్లకు అతుకులు వేసే ఖలీల్, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు. ఒక పాటలో గొంతుకు గిటార్ ఒక్కటే తోడుండే పై స్వరం రాగానే కళ్ళు మూసుకుని, గిటార్‌ను పొట్టకు అదిమిపట్టి, దాని నెక్‌ను అరచేత్తో ముందుకు నెడతాడు. తీగలు వదులై శ్రుతి కాస్త దిగుతుంది. అదేదో స్టైలనుకుని జనం చప్పట్లు కొడతారు. నిజానికి వయసు మీదపడ్డ గాయని ఛాయాదేవి గొంతు అక్కడ అందక దిగిపోయేది. అది ఎవరికీ తెలియకూడదని ఆరేళ్ళపాటు గిటార్‌నూ ఆవిడతోపాటే దించాడు. ఆవిడకూ చెప్పలేదు.

ఆవిడ పోయి మూడు నెలలైంది. నిన్న హనుమాన్ జంక్షన్ పెళ్ళిలో అదే పాటను కొత్తమ్మాయి కీర్తన తప్పు లేకుండా పాడింది. పాటయ్యాక దగ్గరికొచ్చి, "అంకుల్, పైన మీ శ్రుతి తగ్గిందండీ" అంది మెల్లగా.

"తెలుసమ్మా," అన్నాడు ఖలీల్, నెక్ మీద చెయ్యి తియ్యకుండానే. "ఛాయాదేవి గారు అక్కడిదాకానే వస్తారు."