ఇంటి గడియారం, బడి గడియారం

సాయంత్రం టీకి పాలు పొయ్యి మీద పెట్టి, వీపు అటు తిప్పి నిలబడితే చాలు, వెనకాల వంటింటి బల్ల దగ్గర చదువు దానంతట అదే జరిగిపోయేది. తాతయ్య గొంతు, మనవరాలి గొంతు, మధ్యమధ్య రబ్బరుతో చెరిపే చప్పుడు. అమ్మమ్మ చేయవలసిందల్లా పాలు పొంగకుండా చూసుకోవడం. ఆ ఒక్క పనీ ఆవిడకు తరచు తప్పిపోయేది.

ఇప్పుడు ఆవిడ బల్లకు అవతలి వైపు, ఆయన కుర్చీలో కూర్చుంటోంది. అక్కడి నుంచి చూస్తే తన వంటిల్లు తనకే కొత్తగా ఉంది. పొయ్యి వెనక గోడ ఇంత జిడ్డోడుతోందని ఇన్నేళ్లలో ఆయన ఒక్కమాట అనలేదు. మర్యాదస్తుడు.

ఆయన చలికాలంలో పోయారు. కూతురు ఆస్పత్రి లాండ్రీలో పనికి వెళ్తే చీకటి పడ్డాకే రాక. అల్లుడు లారీ డ్రైవరు, వారానికోసారి కనిపించే మనిషి. రెండో తరగతి చదివే మనవరాలికి, అంటే ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలిచే పిల్లకు, సాయంత్రాలు ఇంట్లో మిగిలిన పెద్దదిక్కు అమ్మమ్మే. ఆ దిక్కు చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావలసివచ్చి మానిపించారు. అందుకు ఆవిడ ఏడ్చిందనుకునేరు. ఆ రోజు కలిగినంత సంతోషం ఆవిడకు మళ్లీ పెళ్లినాడు కూడా కలగలేదు.

కొత్త టర్ము మొదలయ్యే ముందు బడిలో పెద్దవాళ్లను పిలిస్తే ఆవిడే వెళ్లింది. చిన్నపిల్లల బెంచీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చుంది. టీచరమ్మ, ఆవిడ కూతురి కంటే చిన్నది, రాబోయే టర్ములో పిల్లలు ఏమేం నేర్చుకుంటారో చెప్పుకుపోయింది: పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు, మొక్కల భాగాలు, తమ వీధి పటం గీయడం, అన్నిటికంటే ముందు గడియారం చూడటం.

తీసివేతలు అనగానే ఆవిడ బెంచీలో ఇంకాస్త ఒదిగింది. ఆ అప్పు తెచ్చుకోవడం ఆవిడకు చిన్నప్పుడే నచ్చలేదు. తిరిగిచ్చిన దాఖలా ఎక్కడా కనబడదు. మొక్కలంటారా, ఆవిడ చేతిలో పడ్డ మొక్కకు చివరికి మిగిలేవి భాగాలే. పటం సంగతి అడగనే అక్కర్లేదు. బజారు వెనక గేటులోంచి బయటపడితే ఇల్లు ఎటుందో ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్పాలి. గడియారం అన్న మాట ఒక్కటే కాస్త ప్రాణం పోసింది.

"ఇంట్లో కూడా రోజూ కాసేపు కూర్చోబెట్టాలి. మీ ఇంట్లో ఎవరు చూస్తారు మామ్మగారూ?"

"నేనేనమ్మా," అంది. అన్నాక, ఆ మాట అన్నదెవరా అని తనే పక్కకు చూసింది.

ఇంటికొచ్చిన కూతురు ఆ సంగతి విని, చెప్పు విప్పుతున్నదల్లా ఆగిపోయింది.

"నువ్వా?"

"ఏం, నాకు రాదనా?"

"నాకేం రాదు, నాకేం రాదు అని ఊరంతా చెప్పుకునేది నువ్వే కదమ్మా." కూతురు పక్కనే చతికిలబడింది. "ఎదురింటి మేడ మీద ట్యూషన్ చెబుతున్నారు. బడి నుంచి అటే వెళ్లిపోతుంది, పనినుంచి వస్తూ నేను తీసుకొస్తాను. నీకూ కాస్త విశ్రాంతి."

విశ్రాంతట. పగలంతా ఉన్నది విశ్రాంతే. ఆ బల్ల దగ్గర కూర్చున్న కాసేపే ఇంట్లో మరో మనిషి గొంతు వినబడేది. అది కాస్తా ఎదురింటి మేడెక్కితే, ఇక సాయంత్రం పొయ్యి వెలిగించడం ఎవరి కోసం?

"మొదటి పాఠం నన్ను చెప్పనీ. అది కూడా పాడుచేస్తే నీ ఇష్టం."

"సరే. ఆ గడియారం పాఠమేదో చూద్దాం," అంది కూతురు.

వంటింటి గోడకున్న గడియారం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. డిపోలో బస్సులన్నీ ఆయన ఈల వినేవి. ఇంట్లో భార్య ఒక్కతే వినేది కాదు. ఎక్కడికి బయల్దేరినా ఆవిడ జడ పూర్తయ్యేసరికి బస్సు మలుపు తిరిగేది. అందుకని కాపురం పెట్టిన కొత్తలో ఆయన గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టారు. ఆ గుట్టు ఆవిడకు మర్నాడే తెలిసిపోయింది. పది తీసేసి చూసుకుని, నింపాదిగా, ఎప్పటిలాగే ఆలస్యమయ్యేది. ఆయనా ముల్లు వెనక్కి తిప్పలేదు, ఈవిడా తీసేయడం మానలేదు. పోనుపోను ఆ తీసివేత కంటికే అలవాటైపోయి, చేస్తున్నట్టు కూడా తెలియకుండా పోయింది.

ఆ గడియారం కిందే పాఠం మొదలైంది.

"పెద్దముల్లు ఎక్కడుందే?"

"ఆరు మీద."

"చిన్నది?"

"ఐదు దాటేసింది."

"అయితే ఐదున్నర. అందులోంచి పది తీసెయ్."

"ఎందుకు?"

"ఎందుకేమిటే? గడియారం చూడటమంటే అంతే."

పిడుగు వేళ్లు మడిచి లెక్కపెట్టింది. కొన్నాళ్లకు వేళ్ల అవసరమే లేకపోయింది. ఐదు దాటి ఐదు నిమిషాలైతే, ఐదుకింకా ఐదు నిమిషాలున్నాయని గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది. అమ్మమ్మకు ఎక్కడలేని గర్వం వచ్చింది. తనలో ఇంత పంతులమ్మ దాగుందని తెలియక అనవసరంగా వంటలో పడ్డాననుకుంది. ఆ గర్వంలో ఆ పూట పాలు పొంగిపోయాయి.

బడిలో గడియారం పాఠం చెప్పిన రోజు, పిల్లను తీసుకెళ్లడానికి గేటు దగ్గర నిలబడితే టీచరమ్మ లోపలికి పిలిచింది. చేతిలో అట్టతో చేసిన గడియారం ఉంది. ముళ్లు సరిగ్గా మూడు గంటలకు తిప్పి పిల్లకు చూపించింది.

"ఇప్పుడెంత?"

"మూడుకి పది తక్కువ," అంది పిడుగు, తడుముకోకుండా.

"పొద్దుట్నుంచీ ఇదే వరస మామ్మగారూ. తప్పంటే ఒప్పుకోదు. మా అమ్మమ్మ చెప్పింది, గడియారం చూడటమంటే అంతే అంటుంది. పక్క పిల్లలకూ నేర్పేసింది. ఇప్పుడు ఆ బెంచీకి ఒక టైము, మిగతా క్లాసుకి ఒక టైము."

విషయం బుర్రకెక్కేసరికి ఆవిడ చెవులు వేడెక్కాయి. పప్పులో కాలేసేవాళ్లు తమ కాలొక్కటే వేస్తారు. ఈవిడ బెంచీ బెంచీనంతా వెంటబెట్టుకుని దిగింది.

"మా ఇంటి గడియారం పది నిమిషాలు ముందమ్మా," అంది నెమ్మదిగా. "ఆ ముక్కొకటి చెప్పడం మరిచాను."

టీచరమ్మ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూసింది. "పోన్లెండి. రేపు సరిచేస్తాను. తీసివేతలు మాత్రం ఒక్కటీ తప్పలేదు, అవింకా నేను మొదలుపెట్టనేలేదు."

ఆ మెప్పు ఆవిడ చెవికెక్కలేదు. కళ్ల ముందు ఎదురింటి మేడమెట్లే ఉన్నాయి.

ఆ రోజు కూతురికి సెలవు. ఇంకెవరో చెప్పేదాకా ఎందుకని ఆవిడే గుమ్మంలోనే జరిగిందంతా చెప్పేసింది.

"పంపించెయ్యవే ట్యూషన్‌కి. రెండు ముళ్లు చూడటం రాని మనిషిని, నేనేం చెబుతాను?"

కూతురు వంటింట్లోకి నడిచి గోడ గడియారం వంక చూసింది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తోందని ఆవిడ కంగారుపడి దగ్గరికెళ్తే, తీరా అది నవ్వు.

"నాకూ ఇదే అయిందమ్మా. రెండో తరగతిలోనే."

"నీకు నేనెప్పుడు నేర్పానే?"

"నువ్వు కాదు. నాన్న."

"డిపో టైమ్‌కీపరా?"

"ఆయనే. టీచరు పిలిపిస్తే తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఇంటికొచ్చేదాకా దారంతా ఒకటే మాట, మీ అమ్మకి చెప్పకే, తెలిస్తే నన్ను బతకనివ్వదు అని."

ఆవిడ కుర్చీలో కూలబడింది. కాపురమంతటికీ ఆయన్ని ఏడిపించడానికి ఒక్క మంచి అదను దొరికింది, దొరికి దొరికి ఆయన పోయాక దొరికింది. నవ్వబోతే కళ్లు నిండాయి, తుడుచుకోబోతే నవ్వొచ్చింది.

"తర్వాతి పాఠం ఏంటే?" అని కూతురు పిల్లనడిగింది.

"మా వీధి పటం."

"అమ్మమ్మ దగ్గరే గియ్యి. అమ్మమ్మ కుడి అంటే నువ్వు ఎడమకి గియ్యి, సరిపోతుంది." తర్వాత తల్లి వైపు తిరిగింది. "ముందు ఆ గడియారం సరిచెయ్యమ్మా. లేకపోతే రేపు దీని పిల్లలకీ ఇదే గతి."

ఆవిడ స్టూలెక్కి గడియారం దింపింది. అద్దం తుడిచింది. వెనకనున్న చిన్న చక్రం మీద బొటనవేలు ఆనించి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత దాన్ని మళ్లీ మేకుకు తగిలించి కిందికి దిగింది.

"అమ్మమ్మా, నువ్వు తిప్పనేలేదు."

"ఇప్పుడెంతయిందో చూడు."

"తాతయ్యది ఆరు." పిడుగు ఒక్క క్షణం ఆగింది. "బడిది ఆరుకి పది తక్కువ."

"వచ్చిందిగా," అని ఆవిడ స్టూలు గోడవార పెట్టి, వీధి పటానికి పెన్సిలు చెక్కుతూ కూర్చుంది.