పళ్ళాసుపత్రిలో జనరల్

కోళ్ళ కానిస్టేబులమ్మ అంటే ఆ ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. ఏం చేస్తుంది పాపం, తన సర్వీసు మొత్తంలో పట్టుకున్న ఘరానా దొంగ కోళ్ళ దొంగే మరి! అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం వాళ్ళక్క ఫోన్ చేసింది. అక్కది బజార్లో పళ్ళాసుపత్రి.

"ఒసేయ్, ఉన్నపళంగా రా! కుర్చీలో ఉన్నవాడు ఆ జనరలేనట. మా ఆయా గుర్తుపట్టింది."

ఆయా సరిహద్దు అవతలి మనిషి. అక్కడ యుద్ధం జరిగినప్పుడు ఈ జనరల్ సైనికులు ఆవిడ భర్తనీ, ఇద్దరు కొడుకుల్నీ లారీ ఎక్కించి తీసుకుపోయారు. మళ్ళీ వాళ్ళ జాడ తెలియలేదు.

జనరల్ మీద అంతర్జాతీయ కోర్టు వారెంటు ఉందని కానిస్టేబులమ్మకి తెలుసు. భోజనం బాగుంటుందని వెళ్ళిన శిక్షణ తరగతిలో వింది. వెనకటికి యుద్ధంలో ఓడినవాడికే విచారణ, గెలిచినవాడికి పూలదండలు. తర్వాత కొన్ని యుద్ధాలకు విడివిడిగా కోర్టులు పెట్టారు. ఆఖరికి ఎప్పటికీ ఉండే కోర్టు వచ్చింది. వచ్చిందిగానీ, దానికి సొంత పోలీసు ఒక్కడు లేడు! సంతకం పెట్టిన దేశాలవాళ్ళే పట్టివ్వాలి. ఆ ఊరున్న దేశమూ సంతకం పెట్టినదే. అలా సంతకం పెట్టిన ఇంకో దేశం ఈ జనరల్‌కి టీ ఇచ్చి మరీ సాగనంపింది.

"అయితే ఆ కోర్టు పోలీసుని నేనేనన్నమాట!" అనుకునేసరికి ఆవిడకి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఒకటే పరుగు.

ఆసుపత్రి నుంచే ఎస్సైకి ఫోన్ చేస్తే ఆయన బతిమాలాడు.

"పైనుంచి ఆర్డరు రానీవమ్మా. అందాకా చెయ్యి వెయ్యకు, నా ఉద్యోగం ఊడుతుంది!"

ఈలోగా జనరల్ వెళ్ళిపోతే? సాయంత్రం విమానం ఎక్కితే ఇక దొరుకుతాడా? లోపల పన్ను పీకడం అయిపోయింది, జనరల్ లేవబోయాడు. అక్క భుజం పట్టి కూర్చోబెట్టింది. నోటి మత్తు దిగందే ఎవర్నీ గుమ్మం దాటనివ్వకపోవడం ఆవిడ పద్ధతి.

"మేయరు గారినే కదలనివ్వలేదు, మీరెంత? నాలిక కొరుక్కుంటారు, కూర్చోండి!"

జనరల్ "ఊఁ ఊఁ" అంటూ చేతులూపాడు. బాడీగార్డు లోపలికి దూసుకొచ్చాడు. "బూట్లతోనా!" అని అక్క ఒక్క అరుపు అరిచేసరికి, పాపం, వంగి లేసులు విప్పుకోసాగాడు. కానిస్టేబులమ్మ నవ్వాపుకోలేక గోడకేసి తిరిగింది.

ఫోన్ మోగింది.

"ఆర్డరొచ్చింది! పట్టేసుకో తల్లీ, జీపు పంపిస్తున్నా!"

బాడీగార్డు రెండో బూటు విప్పేలోగా జనరల్ చేతులకి బేడీలు టక్కున పడ్డాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశారు.

అప్పటిదాకా తలుపు చాటున ఉన్న ఆయా ముందుకొచ్చింది.

"మావాళ్ళని ఎక్కడ పాతిపెట్టావు?"

జనరల్ బేడీల చేతులెత్తి నోరు చూపించాడు, మాట రావడం లేదని.

"రానీలే," అంది ఆయా. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "మత్తు దిగేదాకా ఆగుతాను."