గాలి కంతలో పాత చీర

ఇంటిని వెచ్చబెట్టే గ్యాసు బాయిలర్‌కి మా ఊరి నిబంధనల్లో రెండు వైపులుండేవి. ఒకటి నీళ్ల వైపు, రెండోది గ్యాసు వైపు. వేడినీళ్లను గదుల్లోకి తిప్పే పంపునో గొట్టాన్నో ఎవరు బాగుచేసినా అధికారులు పట్టించుకునేవారు కాదు. గ్యాసు మండే భాగాన్ని మాత్రం లైసెన్సున్నవాడే ముట్టుకోవాలి. ఇంటి యజమాని తన ఇంట్లో తన చేత్తో చేసుకోవచ్చు. పక్కవాడికి చేసిపెడితే, ఊరికే చేసినా సరే, తప్పే.

సిటీ ఆఫీసులో కౌంటర్ దగ్గర నిలబడి ఈ నిబంధనలు చదివి కంఠస్థం చేశాను. మా బాయిలర్ చక్కగానే పనిచేస్తోంది. నాకు కావలసింది ఒక మనిషిని నలుగురిలో ఓడించడం.

అమెరికాలో, ఎనభైల మొదట్లో మాట. ఇవాళ తెలుగువాళ్లతో నిండిపోయిన నోవై ఊరు అప్పటికింకా చాలావరకు పొలాలే. తెలుగువాళ్లం ఒక ఇరవై కుటుంబాలం డెట్రాయిట్‌కి దగ్గరగా పాత ఇటుక ఇళ్లు కొనుక్కున్నాం. ఇళ్లతోపాటు పాత బాయిలర్లూ మా నెత్తిన పడ్డాయి. తొలి మంచు పడిన వారంలో ఎవరో ఒకరి ఇల్లు చల్లబడేది. అప్పుడు అందరూ ఫోన్ చేసేది ఒక్కడికే.

ఆయన నిజామాబాద్ వైపు చక్కెర ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు బాయిలర్ నడిపినవాడు. తమ్ముడు స్పాన్సర్ చేస్తే వచ్చాడు. ఇక్కడ ఒక హీటింగ్ కంపెనీలో హెల్పర్. వారమంతా లైసెన్సున్న కుర్రాళ్ల వెనక పనిముట్ల పెట్టె మోసేవాడు. ఆదివారాలు మా ఇళ్లకొచ్చి బాయిలర్లు బాగుచేసేవాడు. డబ్బు పుచ్చుకునేవాడు కాదు. పెట్టింది తిని, ఇచ్చిన పచ్చడి సీసా కోటు జేబులో వేసుకుని వెళ్లేవాడు. పిల్లలు ఆయన్ని బాయిలర్ అంకుల్ అనేవాళ్లు. మేము, ఆయనకు యాభై దాటినా, నువ్వు అనేవాళ్లం. దేశం మారినా మాలో ఎవరికి గారు తగిలించాలో ఎవరికి అక్కర్లేదో మాత్రం మారలేదు.

ఆ చలికాలం ఆయనకున్నది ఒకటే ఆశ. మార్చిలో లైసెన్సు పరీక్ష. దానికి కూర్చోవాలంటే కంపెనీ యజమాని దరఖాస్తు మీద సంతకం చేయాలి. మనిషి మీద ఏ ఫిర్యాదు ఉన్నా ఆ సంతకం రాదు. ఈ సంగతి ఆయన ప్రతి ఇంట్లోనూ సంబరంగా చెప్పుకున్నాడు. మా ఇంట్లోనూ చెప్పాడు.

నా చిన్నతనంలో మా నాన్న నన్ను కులం మీద, వితంతు వివాహాల మీద వాదోపవాదాలు జరిగే సభలకు తీసుకెళ్లేవాడు. సత్యమంటే ఏమిటో అక్కడ నాకు సరిగా బోధపడలేదు. ఎదుటివాడు నోరు తెరవలేకపోవడం ఎంత రుచిగా ఉంటుందో మాత్రం బోధపడింది. ఆ రుచితోనే అక్టోబరులో జరిగిన తెలుగు సంఘం భోజనాల్లో, దేవుడి మీద నేను మొదలుపెట్టిన వాదనను బాయిలర్ మీదికి తిప్పాను. లైసెన్సు లేకుండా గ్యాసు ముట్టుకునేవాడికీ, చదువు లేకుండా వైద్యం చేసే భూతవైద్యుడికీ తేడా ఏమిటని అడిగాను. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన విస్తరి మీద నుంచి తలెత్తి నవ్వాడు.

"సార్, దేవుడు లేడని మీరు బుక్కు చూసి చెప్తరు. బాయిలర్ గురించి గూడ బుక్కు చూసే చెప్తున్నరు. ఒక్కపారి చెయ్యి పెట్టి చూడుండ్రి."

హాలంతా నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. మర్నాడే నేను సిటీ ఆఫీసుకు వెళ్లాను.

డిసెంబరులో ఒక ఆదివారం మా ఇరవై కుటుంబాల్లో ఒకరైన డాక్టరుగారింట్లో భజన. నేను భజనకు వెళ్లను, భోజనానికి వెళతాను. వాళ్లింట్లో పూజ బేస్‌మెంట్‌లో. పైన హారతి పొగకు అలారం కూస్తోందని దేవుణ్ణి కిందికి దించి బాయిలర్ పక్కన కూర్చోబెట్టారు. మంట మండడానికి బయటి గాలి రావాలి కాబట్టి అక్కడ గోడకు జాలీ బిగించిన పెద్ద కంత ఉంది. దానిలోంచి వచ్చే చలిగాలికి అఖండదీపం ఆరిపోతోంది. దీపం ఆరితే అశుభం. అందుకని డాక్టరుగారి భార్య ఒక పాత పట్టుచీర చుట్టచుట్టి కంతలో కుక్కేసింది. ఒకే గదిలో రెండు మంటలు. ఒకటి నిలవాలంటే గాలి రావాలి, రెండోది నిలవాలంటే రాకూడదు. ఏది నిలవాలో ఆ ఇల్లాలు తేల్చేసింది. గుండె జబ్బుల్లో పెద్ద పేరున్న భర్త ఆమెకు అడ్డు చెప్పలేదు.

బాయిలర్‌లోని చిన్న మంట మాటిమాటికీ ఆరిపోతోందని ఆ రోజు బాయిలర్ అంకుల్‌ని పిలిపించారు. ఆ మంటను కనిపెట్టుకుని ఉండే తీగ మార్చాడు. అది గ్యాసు వైపు పని. తర్వాత లేచి చీర బయటికి లాగాడు.

"అమ్మా, ఇది మళ్ల పెట్టొద్దు. దీనికి గాలి గావాలె. గాలి లేకుంటే ఇసం గక్కుతది. పాణం మీదికొస్తది."

ఆమె సరేనంది. నేను మెట్ల మీద పళ్లెం పట్టుకుని నిలబడి విన్నాను. ఆయన కారు సందు తిరగకముందే ఆమె చీరను మళ్లీ కుక్కడం కూడా చూశాను. నాకేం, పులిహోర బాగుంది.

రెండు వారాలకు ఊళ్లో ఒక వార్త పాకింది. డాక్టరుగారి తల్లికి పూజలో సమాధి స్థితి కలుగుతోందట. దీపం ముందు కూర్చున్న అరగంటకు కళ్లు మూతలు పడి, పెదవులు ఎర్రబడి, పిలిస్తే పలకదట. వారంలో మూడుసార్లు. ఇంజనీర్లూ ప్రొఫెసర్లూ కార్లేసుకుని దర్శనానికి వెళ్లారు. వెళ్లినవాళ్లందరికీ తలనొప్పి పట్టుకుంది. అది అక్కడి శక్తి తీవ్రత అనుకున్నారు. డాక్టరుగారు ఇంటిల్లిపాదికీ ఫ్లూ అని తేల్చి మాత్రలిచ్చారు.

ఆ మూఢత్వాన్ని చీల్చి చెండాడాలని నేనూ వెళ్లాను. పదేళ్ల మనవరాలు తలుపు తీసింది. ముఖం పాలిపోయి ఉంది.

"అంకుల్, నాకు హెడ్ నొప్పి ఉంది. నానమ్మకి గాడ్ వచ్చింది. కిందకి రా."

కిందికి దిగి ఆ ముసలామెను చూడగానే, గాలి అందని బాయిలర్ విషం కక్కుతోందని నాకు అర్థమైంది. నాకు తలనొప్పి మొదలయ్యేలోపు అందర్నీ మంచులోకి తరిమి, పక్కింటి నుంచి గ్యాసు కంపెనీకి ఫోన్ చేశాను. అంబులెన్సు కూడా వచ్చింది. ఆక్సిజన్ పెడితే ఆమె బతికింది. నేను అడ్డుపడబట్టి దేవుడు వెళ్లిపోయాడని చివరిదాకా నమ్మింది.

గ్యాసు కంపెనీ మనిషి వచ్చేలోపు ఇల్లాలు పరుగున లోపలికి వెళ్లి చీర లాగేసి బట్టల మూటలో దాచింది. అతను బాయిలర్ ఆపి, వాడకూడదని ఎర్ర చీటీ కట్టాడు. తళతళలాడుతున్న కొత్త తీగ చూసి, ఇది ఎవరు వేశారని అడిగాడు.

నేనే వేసుకున్నానని డాక్టరుగారు అనవచ్చు. తన ఇల్లు, తన చేయి, చట్టం ఒప్పుకుంటుంది. డాక్టరుగారు బూట్లు చూసుకుంటూ నిలబడ్డారు. నేను చెప్పాను. బాయిలర్ అంకుల్ అసలు పేరు, ఆయన పనిచేసే కంపెనీ పేరు, ఆయనకు లైసెన్సు లేదన్న సంగతి. అక్షరం అక్షరం విడదీసి రాయించాను. చీర మాట ఎత్తలేదు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదని ఇంటికొచ్చి నా భార్యకు గర్వంగా చెప్పాను. ఈసారి ఆమె నవ్వలేదు.

నేను రాయించింది సిటీ ఆఫీసుకు వెళ్లి, అక్కడి ఇనస్పెక్టర్ కాగితంగా హీటింగ్ కంపెనీకి చేరింది. యజమాని దరఖాస్తు చించలేదు, సంతకమూ పెట్టలేదు. ఆ ఇంట్లో తప్పు నీ పనిది కాదని ఎవరైనా రాసిస్తే చూద్దామన్నాడట. బాయిలర్ అంకుల్ ముందు డాక్టరుగారింటికి వెళ్లాడు. వాళ్లు తలుపు తీయలేదు. తర్వాత మా ఇంటికి వచ్చి, మంచు బూట్లతో లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సార్, నేను చీర గుంజింది మీరు చూసిన్రు గద. రెండు లైన్లు రాసియ్యుండ్రి."

నేను ఆయనకు నిబంధనలు వివరించాను. గాలి కంత మూసిందెవరన్నది ఒక ప్రశ్న, గ్యాసు వైపు చెయ్యి పెట్టే హక్కు ఎవరికన్నది వేరే ప్రశ్న, నీ మీద వచ్చింది రెండో ప్రశ్నే, చీర దానికి జవాబు కాదు అన్నాను. నా తర్కంలో ఎక్కడా లోపం లేదు. ఇవాళ మళ్లీ వెతికినా దొరకదు. బుక్కు చూసి చెప్పానా, చెయ్యి పెట్టి చూసి చెప్పానా అని కూడా అడిగాను. ఆయన నోరు తెరవలేదు. నాకు కావలసింది దక్కింది.

మార్చి పరీక్షకు ఆయన కూర్చోలేదు. చేతి పని తెలిసి, జీతం పెంచమని అడగలేని మనిషిని కంపెనీ ఎందుకు వదులుకుంటుంది? హెల్పర్‌గానే ఉంచుకుంది. మా ఇళ్లకు రావడం ఆయన మానేశాడు.

ఆ మరుసటి జనవరిలో మా బాయిలర్ ఆగిపోయింది. నా ఇంట్లో నా చేత్తో నేను బాగుచేసుకునే హక్కు నాకుంది. మూత తీసి అరగంట లోపలికి చూసి, మళ్లీ మూత పెట్టి, ఫోన్ డైరెక్టరీ పసుపు పేజీల్లో కనబడ్డ మొదటి నంబరుకు ఫోన్ చేశాను. వ్యాన్‌లోంచి లైసెన్సున్న కుర్రాడు దిగాడు. వెనకాల పెట్టె మోసుకుంటూ ఆయన దిగాడు.

కుర్రాడు మెట్ల మీద కూర్చుని రేడియోలో ఫుట్‌బాల్ వింటూ కాఫీ తాగాడు. ఆయన నేల మీద పడుకుని గ్యాసు వైపు పని మొత్తం చేశాడు. లైసెన్సున్నవాడు దగ్గరుంటే హెల్పర్ ముట్టుకోవచ్చు కాబట్టి చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు, లైసెన్సు అదే గదిలో ఉంది. పని ముగించి లేచి, మా గోడకున్న కంత దగ్గరికి వెళ్లి, జాలీ మీద అరచెయ్యి ఆనించి గాలి వస్తోందో లేదో చూశాడు.

భోజనం చేసి వెళ్లమన్నాను. ఆయనతో మొదటిసారి మీరు అన్నాను.

"నో థాంక్యూ, సార్," అన్నాడు, పెట్టె సర్దుకుంటూ. "కంపెనీ రూల్."

కుర్రాడు కాగితం మీద చూడకుండానే సంతకం గీకి నా చేతికిచ్చాడు. వ్యాన్ కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి లైసెన్సు నంబరు సరిచూశాను. సరిగ్గానే ఉంది.