గట్టు చివర గంటన్నర

2023 జూన్ నెలాఖరు. కావలిలో ట్రంకు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో నా లాప్‌టాప్ కొట్టు. ఒక గాజు బల్ల, గోడ వారగా ఆరు డెమో మిషన్లు, రెండు కుర్చీలు. ఒకటి నాది. రెండోది కస్టమరుది. ఆ రోజుల్లో దాని మీద ఎక్కువగా దినపత్రికే కూర్చునేది.

మా నాన్నది చీరల కొట్టు, పెదనాన్నది చెప్పుల కొట్టు, మేనమామది స్టీలు సామాన్ల కొట్టు. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చింది. పెళ్ళిచూపుల్లో కూడా రెండు లడ్లు పెడితే మూడోది అడిగి పుచ్చుకున్నానని మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ అందరికీ చెప్పేది. అలాంటివాణ్ణి బేరాలు లేని కాలంలో వచ్చి పడ్డాను. ఇప్పుడు వచ్చేవాళ్ళు కీబోర్డు నొక్కి చూస్తారు, మూత ఎత్తి దించుతారు, మోడల్ నంబరు ఫోటో తీసుకుంటారు, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. సామాను రెండు రోజుల్లో పార్సిల్లో వాళ్ళింటికి వస్తుంది. కొందరు ఫోను తెర నా మొహానికి ఆనించి "ఈ రేటుకిస్తారా?" అంటారు. దాన్ని బేరం అనడానికి నాకు నోరు రాదు. బేరమంటే ఇద్దరు మనుషులు ఒకరి అబద్ధాలు ఒకరు ఓపిగ్గా వినడం.

ఆ రోజు ఇంకా బోణీ కాలేదు. పదిన్నరప్పుడు ఒకాయన లోపలికి వచ్చాడు. నలభైకి కాస్త ఇటూ అటూ. ఫ్యాంటు అంచుల మీద బురద ఎండి తెల్లగా ఉప్పు తేలింది. చూడగానే రొయ్యల గుంటల మీద పనిచేసే మనిషని తెలిసిపోయింది. పేరు పెంచలయ్య అన్నాడు.

"అన్నా, గేమింగ్ లాప్‌టాప్ కావాల. చిన్నదిగా ఉండాల. సంచిలో పెట్టుకోని గట్టెంబడి నడిచేటట్టు."

"చిన్నది యాడికి సరిపోతాదబ్బయ్యా! ఇట్రా, దీన్ని చూడు. దున్నపోతు లాంటి మిషను," అని పదిహేనున్నర అంగుళాల తెర ఉన్నదాన్ని తిప్పి చూపించాను.

ఇక్కడ మా వ్యాపారం గురించి ఒక ముక్క చెప్పాలి. మామూలు లాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఒక్కటే పని లాగుతుంది. గేమింగ్ దాంట్లో గ్రాఫిక్స్ కార్డు అని ఇంకోటి ఉంటుంది. తెర మీద బొమ్మలను పరుగెత్తించేది అదే. దానికి ఆకలి ఎక్కువ. ఛార్జరు తగిలించి ఉన్నంతసేపూ గోడలోంచి తాగి గంతులేస్తుంది. ఛార్జరు పీకగానే వేగం తగ్గుతుంది, ఉన్న బ్యాటరీని కూడా ఇట్టే మింగేస్తుంది. అట్టపెట్టె మీద రాసే ఎనిమిది గంటలు, తెర మసకగా పెట్టుకుని సినిమా చూసేవాడికి. ఆట ఆడేవాడికి కాదు. ఇది నాకు తెలుసు. అందుకే నా కొట్టులో డెమో మిషన్లన్నిటికీ ఛార్జరు వైరు బల్ల వెనక నుంచి, నల్లగుడ్డ కింద నుంచి వస్తుంది. మా నాన్న చీరలు పరిచే చోట పైన నాలుగు ట్యూబులైట్లు పెట్టించేవాడు. తెలివైన ఆడవాళ్ళు చీరను గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో చూసేవాళ్ళు. అప్పుడు మా నాన్న మొహం చూడాలి. నల్లగుడ్డ ఆయన నుంచి వచ్చిన ఆస్తి.

డెమోలో కార్లు దూసుకుపోతున్నాయి. పెంచలయ్య వాటిని సరిగా చూడలేదు. "ఛార్జింగు ఎంతసేపు నిలబడతాదన్నా?" అన్నాడు.

"ఎనిమిది గంటలు. అట్ట మీద రాసుండాది చూడు."

ఆయన నమ్మనట్టు మొహం పెట్టాడు. నాకు ఒళ్ళు పులకరించింది. మా కొట్లలో కొనేవాడు ముందు సరుకుకు వంక పెడతాడు. అంచు సన్నమనో, రంగు పోతుందనో అంటాడు. అంటే ధర దించమని అర్థం. ఎన్ని నెలల తర్వాతో ఒక బేరగాడు దొరికాడు! వెయ్యి తగ్గించాను.

"ఆట ఆడతా ఉంటే గూడా ఎనిమిదేనా?"

మనిషి గట్టివాడు, పట్టిన చోట వదలడంలేదు అనుకున్నాను. ఇంకో వెయ్యి తగ్గించి, సంచి ఊరికే ఇస్తానన్నాను.

"కరెంటు లేనప్పుడు, అన్నా, గంటన్నర ఖాయంగా వస్తాదా?"

రెండు చేతులూ జోడించాను. "నన్ను చంపబాకు సామీ. మౌసు గూడా ఇస్తా, బోణీ చేసిపో."

ఆయన సన్నగా నవ్వాడు. గెలిచినవాడి నవ్వనుకున్నాను. ఆ రోజంతా నేను హుషారుగా ఉన్నాను. టీ కొట్టు ఆయన్ని పిలిచి మరీ చెప్పాను, కావలిలో నన్ను ఓడించిన మొనగాడు ఒకడు వచ్చాడని. మూడుసార్లు ఒక మనిషి ఒకే ప్రశ్న అడిగాడని, నేను మూడుసార్లూ ధరతో జవాబు చెప్పానని నా బుర్రకు తట్టలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. కూర్చోలేదు. గొడవ పెట్టుకోలేదు. గొడవపడే కస్టమరుకు నా దగ్గర నూట ఎనిమిది జవాబులుంటాయి. ఊరికే నిలబడేవాడికి ఒక్కటీ లేదు.

"డబ్బులు తిరిగియ్యమని రాలేదన్నా. ఒక మాట చెప్పు. కరెంటు లేకుండా గంటన్నర ఆట నడిచే మిషను అసలుండాదా, లేదా?"

"గుంటల కాడ కరెంటుండదా?"

"సాయంత్రం ఆరుకి పోతాది. జనరేటరు ఏరియేటర్లకే." ఏరియేటర్లంటే గుంటలో నీళ్ళను చిలికి రొయ్యకు గాలి అందించే చక్రాలు. అవి ఆగితే రొయ్య పైకి తేలి చచ్చిపోతుంది. "దాని మీద ఇంకేం తగిలించొద్దన్నాడు ఓనరు. షెడ్డులో ఫోను సిగ్నలూ లేదు, నెట్టు దాన్నుంచే గదా. నాలుగో గుంట గట్టు చివర, సముద్రం వైపు వస్తాది. ఆడ మేత టబ్బు బోర్లేసుకోని కూచుంటా."

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. "ఎవరితో ఆడతావు?"

"నా కూతురుతో. లహరి. పన్నెండేళ్ళు. గూడూరులో వాళ్ళమ్మ కాడుంటాది. మేం విడిపోయి రెండేళ్ళన్నా."

కుర్చీ మీద పేపరు తీశాను. కూర్చున్నాడు.

"ఫోను చేస్తే మాట్లాడదు. తిన్నావా అంటే ఊ. బాగుండావా అంటే ఆ. మళ్ళా వాళ్ళమ్మకిచ్చేస్తాది. ఈ ఆటుండాదే, కొండదారిలో లారీలు తోలేది, ముందర దాని లారీ, ఎనక నా లారీ. అప్పుడు మాత్రం నోరు ఆపదు. బళ్ళో ఎవరేమన్నారో, ఏ పిల్లతో కొట్లాడిందో, అంతా చెప్తాది. మొహం చూడబన్లేదు గదన్నా. రోడ్డు చూస్తా చెప్తాది. వాళ్ళమ్మ ఆరు నుంచి ఏడున్నర దాకా ఆడుకోనిస్తాది. పాత కంప్యూటరు ఉన్నప్పుడు షెడ్డు అవతలి ఊర్లో ఉండింది, కరెంటుకి ఇబ్బంది లేదు. ఈ గుంటలకు మారినాక నీ కాడికొచ్చినా."

"మరి ఇది?"

"నలభై నిమిషాలు. మొదటి రోజు నెట్టు పోయినాదనుకున్నాది. రెండోరోజూ అట్నే. మూడోరోజు ఘాటురోడ్డు మలుపులో ఆగిపోయినాది. నేను కంగారుగా ఫోను చేస్తే, నీ లారీ మాయమైపోయినాది అన్నాది. తర్వాత, 'నువ్వెప్పుడూ మధ్యలోనే పోతావు నాన్నా' అన్నాది. నాలుగు రోజులుగా ఆటలోకి రాలేదు."

ఎనిమిది గంటలని చెప్పింది నేనే.

ఆ మిషను వెనక్కి తీసుకున్నాను. పద్నాలుగు అంగుళాలది ఒకటి కిందికి దించాను. కిలోన్నర బరువు. గ్రాఫిక్స్ కార్డు మొదటిదానికంటే ఒక మెట్టు కింది రకం. కానీ బ్యాటరీ పెద్దది. బ్యాటరీ ఎంతుందో వాట్ అవర్ అనే లెక్కలో చెబుతారు. నీళ్ళ ట్యాంకు సైజు లాంటిది అది. ట్యాంకు పెద్దదైతే చాలదు, పంపు కూడా అదుపులో ఉండాలి. అందుకని ఫ్రేమ్ రేటు తగ్గించాను. అంటే సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు మారాలన్నది. డెమోలో నేను గొప్పగా చూపించే నూట ఇరవైని నలభైకి దించాను. వెలుతురు తగ్గించాను. కీబోర్డు కింద వెలిగే రంగుల దీపాలు ఆర్పేశాను. అవి చూసే కదా కుర్రకారు నా కొట్లో ఆగేది!

ఆ తర్వాత నల్లగుడ్డ తీసి, ఆయన చూస్తుండగా ఛార్జరు పీకాను.

"గంటన్నర ఈడ్నే ఆడి చూద్దాం. నమ్మకం కుదిరితేనే తీసుకోనిపో."

"ముందు లారీ ఎవురు తోలతారన్నా?"

కొట్లో మేమిద్దరమే ఉన్నాం. ఇంకో డెమో మిషనులో ఆట ఎక్కించి, జన్మలో సైకిలు తప్ప ఏదీ సరిగా తోలని నేను లారీ ఎక్కాను.

"అన్నా, బ్రేకు, బ్రేకు!"

"బ్రేకేదబ్బా?"

"పొడుగు బటను! అది హారనన్నా!"

మొదటి పావుగంటలో మూడుసార్లు లోయలో పడ్డాను. "మా లహరి చూసుంటే నీ లైసెన్సు పీకేసుండేది," అన్నాడు పెంచలయ్య. ఆయన నవ్వడం అప్పుడే సరిగా చూశాను. తర్వాత దారి కాస్త అలవాటైంది. కొండలు, వాన, ఎదురుగా ఒక వంతెన. యాభై నిమిషాలు దాటాయి. ఎందుకో తెలియదు, వంతెన మీద పోతూ మా ఆవిడ పోయి మూడేళ్ళయిందని చెప్పాను. ఇంట్లో ఇప్పటికీ అన్నం ఇద్దరికి వండేస్తుంటానని, మిగిలింది పొద్దున తింటానని చెప్పాను. టీ కొట్టు ఆయనకు కూడా చెప్పని మాట అది. పెంచలయ్య నా వైపు తిరగలేదు. రోడ్డు చూస్తూనే, "ఊ... ఎడమకి కోయన్నా, మలుపుండాది," అన్నాడు.

గంటన్నర అయ్యేసరికి ఆయన తెర మూల పదిహేడు శాతం చూపిస్తోంది. ఇద్దరం దాని వంక, ఎవరో పరీక్ష పాసైనట్టు చూశాం.

టీ తాగుతూ నిండా ఛార్జింగు పెట్టుకున్నాడు. ధర తేడా మాట నేను ఎత్తలేదు. "మౌసు తిరిగియ్యాల్నా?" అని ఆయనే అడిగాడు. "బేరాలు నాతోనా? పో ముందు, ఆరవతాది," అన్నాను. బండెక్కి వెళ్ళిపోయాడు. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే కొత్త ఛార్జరు నా స్విచ్చిబోర్డుకే వేలాడుతోంది. ఫోను చేస్తే కలవలేదు. ఆ దారిలో సిగ్నలు ఎక్కడెక్కడ ఉండదో నాకిప్పుడు తెలుసు.

కొట్టు మూసి స్కూటరు మీద బయల్దేరాను. గుంటలు చేరేసరికి ఆరుంపావు. ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి. నాలుగో గట్టు చివర, బోర్లేసిన టబ్బు మీద పెంచలయ్య, ఒళ్ళో లాప్‌టాప్. ఆయన వెనక సముద్రం తప్ప ఏమీ లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే తెర మీద కొండ మలుపులో ఒక్కటే లారీ నిలబడి ఉంది.

"మెసేజి పెట్టినానన్నా. ఛార్జింగు నిలబడే కొత్తది తెచ్చినానని. చూసింది గానీ జవాబియ్యలేదు."

ఛార్జరు చేతిలో పట్టుకునే నిలబడ్డాను. ధర తగ్గించి ఇప్పించగలిగే జవాబు కాదు అది. ఆరున్నర దాటింది. బ్యాటరీ కాపాడుకోవాలని ఆయన మధ్యమధ్య తెర వెలుగు తగ్గిస్తున్నాడు, మళ్ళీ పెంచి చూస్తున్నాడు.

ఆరూ నలభైకి లాప్‌టాప్‌లోంచి హారను మోగింది. మలుపు వెనక నుంచి ఎర్ర లారీ ఒకటి వచ్చి ఆయన లారీ ముందు ఆగింది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, కాస్త బిగుసుకుని:

"నాన్నా, నీ ఛార్జింగు ఎంతుండాది?"

"డెబ్బై ఒకటిమా."

"నిజంగా?"

"నిజంగా. ఏడున్నర దాకా వస్తాది. చూసినాను."

ఎర్ర లారీ కదల్లేదు. లెక్క వేసుకుంటోందనుకుంటాను.

"సరే, పద," అంది.

ఛార్జరు టబ్బు పక్కన పెట్టి వెనక్కి నడిచాను. పెంచలయ్య రోడ్డు చూస్తున్నాడు. నేను వెళ్ళడం చూడలేదు. సగం గట్టు దాటేదాకా ఆ పిల్ల గొంతు వినిపిస్తూనే ఉంది. లెక్కల టీచరు మీద ఏదో ఫిర్యాదు.

ఇప్పుడు నా కొట్లో నల్లగుడ్డ లేదు. గేమింగ్ లాప్‌టాప్ అడిగిన ప్రతివాడి ముందూ మొదట ఛార్జరు పీకుతాను. ఆ తర్వాత ఎంతసేపు ఆడతావు, ఎక్కడ కూర్చుని ఆడతావు, ఎవరితో ఆడతావు అని అడుగుతాను. బడ్జెట్ మాట చివర్లో. కొందరికి చిరాకేసి లేచిపోతారు. వంక పెట్టే కస్టమరు వంక పెట్టడంలేదేమో, నిజంగానే అడుగుతున్నాడేమో అని ఆగి వినడం నాకు యాభై ఏళ్ళు దాటాక వచ్చింది.

పెంచలయ్య మళ్ళీ రాలేదు. రావాల్సిన పని లేదు. బాగా నడిచే మిషను కొన్నవాడికి నా కొట్టుతో ఏం పని? నేను మాత్రం రోజూ షట్టరు ఎత్తగానే రెండో కుర్చీ మీద పేపరు తీసి పక్కన పెడుతున్నాను.