రాజుగారి దోసెడు రొయ్యలు

వెంకటరామరాజుగారు మర్యాదకు పెట్టింది పేరు. ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళ దగ్గర్నుంచి ఏదైనా తన చేత్తో అందిస్తేనే ఆయనకు తృప్తి. పనివాళ్ళు ఎంతమంది ఉన్నా సరే, ఇచ్చేది ఆయనే. భీమవరం చుట్టుపక్కల ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. ఆ మర్యాదే ఈసారి ఆయన కొంప ముంచింది.

చెరువులో రొయ్య ఏపుగా పెరిగింది. యూరప్‌కి ఎగుమతి చేసే కంపెనీ మనిషి గణేష్‌బాబు చెరువులో సరుకు పట్టేముందు పరీక్ష కోసం కాసిని రొయ్యలు పట్టుకెళ్ళాడు. కొన్నాళ్ళకి ఫోన్ చేశాడు.

"రాజుగారూ, యాంటీబయాటిక్ తేలిందండి. పేరు మెసేజ్ పెట్టాను. యూరప్‌కి పనికిరాదంటున్నారండి."

రాజుగారికి తల తిరిగిపోయింది. ఆయన చెరువులో మందు చుక్క వెయ్యలేదు సరికదా, పక్క చెరువులవాళ్ళు వేస్తామంటే కోప్పడిన మనిషి. ఇప్పుడు ఊరు నవ్వదూ? సరుకు మాట దేవుడెరుగు, ఏ మొహం పెట్టుకుని వీధిలోకి వెళ్ళడం?

"ఆ దేశాలన్నీ ఒక జట్టట. అందరికీ ఒకటే రూలట. మన దేశం ఆ జట్టులో లేదట. లేనప్పుడు వాళ్ళ రూలు మన చెరువు మీద ఎలా చెల్లుతుందే?" అని భార్యను నిలదీశారు, రూలు ఆవిడే రాసినట్టు.

"విందు వాళ్ళదండీ. మనం వండి పంపేవాళ్ళం. ఉప్పెంతో తినేవాళ్ళే చెబుతారు," అంది సుభద్రమ్మ.

"వెయ్యని ఉప్పు ఎలా తేలింది మరి?"

రాజుగారు మేత బస్తాలు విప్పించారు, కాలవ నీళ్ళను అనుమానించారు, చివరికి పక్క చెరువు మీద వాలే కొంగల్ని కూడా తిట్టారు. ఏదీ తేలలేదు.

ఆ సాయంత్రం సుభద్రమ్మ ఆయన అరచేతికి ఎప్పటిలాగే మందు రాస్తోంది. రొయ్య తలమీది కొమ్ము గుచ్చుకున్న పుండు చాన్నాళ్ళుగా మానడం లేదు. కంటికి వేసే ఆయింట్‌మెంటునే పుళ్ళకూ రాసుకోవడం ఆ ఇంట్లో అలవాటు. రాస్తున్న ఆవిడ ఆగి, ట్యూబు మీద పేరు చదివి, ఫోన్‌లో గణేష్‌బాబు పంపిన పేరు చూసింది. రెండూ ఒకటే.

"ఏవండీ, ఆ రోజు రొయ్యలు తీసిచ్చిందెవరు?"

తీసిచ్చింది రాజుగారే. గణేష్‌బాబు చేతి తొడుగులు వేసుకోబోతుంటే నవ్వేశారు. "మా చెరువు రొయ్య మా చేత్తో ఇవ్వాలి బాబూ! తొడుగుల్తో తీసుకెళ్ళడానికి మేమేమైనా పరాయివాళ్ళమా?" అని దోసిలి నిండా తీసి కవర్లో పోశారు. పెద్దాయన మాట కాదనలేక అతనూ ఊరుకున్నాడు.

మర్నాడు గణేష్‌బాబు ఇంటికొచ్చి అంతా విన్నాడు.

"నేను నమ్ముతానండి. కానీ పరీక్ష ఒకసారి తప్పింది కదండి, ఈ పంటకి యూరప్ దారి లేదండి. అది ఎవరి చేతి మందో వాళ్ళకి అనవసరమండి."

"అయితే బాబూ, నేను మందు వేసినట్టా, వెయ్యనట్టా?"

రాజుగారికి నిజంగానే తెలియడం లేదు. ఊళ్ళో అడిగితే ఏం చెప్పాలో అంతకన్నా తెలియడం లేదు.

సుభద్రమ్మ కాఫీ గ్లాసు తెచ్చి అలవాటుగా ఆయన ముందు పట్టుకుంది. అతిథికి అందించడానికి చెయ్యి చాచిన రాజుగారు, ఆ చేతిని ఓసారి చూసుకుని వెనక్కి తీసుకున్నారు.

"నువ్వే ఇవ్వు సుభద్రా," అన్నారు.